పలికే తల, రాసే తల

ఆయన ఎవరింటికి వెళ్లినా ముందు వస్తువుల అడుగు చూస్తాడు. మంచినీళ్లిస్తే తాగేసి గ్లాసు తిరగేస్తాడు. కుర్చీ వేస్తే కూర్చోబోయే ముందు దాని కాళ్ల వంక చూస్తాడు. అది మర్యాద కాదని తెలుసు. చెయ్యి ఊరుకోదు.

తూనికలు, కొలతల ఆఫీసులో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఆయన చేసిన పని అదే. చెప్పాపెట్టకుండా దుకాణాల్లో దూరి, తూకం రాళ్లు తిరగేసి, అడుగున తొర్ర ఉందేమో చూడటం. ఇనప రాయిని అడుగున సన్నగా తొలిచి, లోపలి సీసం గీకి తీసేసి, పైన నల్ల లక్క మెత్తేవాళ్లు. కంటికి నిండు రాయి. కాటాలో వేస్తే దొంగ రాయి. ఆ లక్కను ఆయన గోటితో గిల్లి పట్టుకునేవాడు. షావుకారు నవ్వుతూ స్టూలు వేస్తే ఆ నవ్వును కూడా ఒకసారి మనసులో తిరగేసేవాడు.

ఊరు ఆయన్ని ఎదురుగా తూనికలాయన అనేది. వెనకాల ఏమనేదో ఆయనకు తెలుసు. మనకు అక్కర్లేదు.

గ్రామఫోన్ల పిచ్చి కూడా అనుమానంతోనే మొదలైంది. ఒక గింజల కొట్టులో తనిఖీకి వెళ్తే, అక్కడి మనిషి పూల రేకుల్లా అంచు విచ్చుకున్న ఇత్తడి బాకా ఒకటి తలకిందులుగా పట్టుకుని, దానిలోంచి సంచుల్లోకి పప్పులు పోస్తున్నాడు. ఇదేదో కొత్త రకం మోసం అనుకున్నాడు ఆయన. బాకాను లాక్కున్నాడు. లోపల ఎక్కడైనా మడత ఉందా, గింజలు ఆగిపోయే చోటుందా అని మోచేతి దాకా చెయ్యి పెట్టి తడిమాడు. ఏమీ లేదు. నున్నగా ఉంది. చివర్న బాకా సన్నబడిన చోట చెవి పెట్టి చూశాడు. వీధిలో పోయే బండి చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు, కొట్టువాడి గుండె చప్పుడు కూడా అందులో ఉన్నాయనిపించింది.

"ఏంటిది?"

"గ్రామఫోను బాకా సార్. పెట్టె ఎప్పుడో పోయింది. ఇది గింజలు పోసుకోడానికి బాగుంది."

దాన్ని అడిగి కొనుక్కున్నాడు. కొట్టువాడు ముందు ఊరికే ఇస్తానన్నాడు, లంచం కింద. ఆయన అట్లా తీసుకోలేదు. అందులో ఏం మతలబుందో అని.

బాకాకు పెట్టె కావలసి వచ్చింది. పెట్టెకు పాట పలికించే సౌండ్ బాక్సు, దానికి సూదులు, సూదులకు రేకు డబ్బాలు. అట్లా ఒక గది నిండిపోయింది. తిప్పే హ్యాండిళ్లు ఒక చెక్కకు వరసగా వేలాడేవి. బొమ్మలు అచ్చేసిన సూదుల డబ్బాలు, రికార్డు మీద దుమ్ము తుడిచే ముఖమల్ బ్రష్షులు, ఎప్పుడో మూతపడ్డ దుకాణాల పేర్లున్న కాగితపు సంచులు, తుప్పు పట్టిన రేకు బోర్డు ఒకటి. ఆ గదికి కిటికీ ఒకటే. దానికి కడ్డీలు కాక వల కూడా కొట్టించాడు. తాళంచెవి మొలతాడుకి ఉండేది.

పాత సామాన్ల వీధిలో ఆయన వస్తున్నాడంటే వ్యాపారులు ముఖాలు చూసుకునేవాళ్లు.

"సార్, ఇది మా తాతల నాటిది సార్. అసలు సిసలు ముక్క," అన్నాడు ఒకసారి పాత సామాన్లవాడు, ఒక పెట్టె మీది గోనె తీసి.

"మీ తాత ఏం చేసేవాడు?"

"ఇదే సార్. పాత సామాన్లే."

"అయితే ఆయనా ఇట్లాగే కబుర్లు చెప్పేవాడన్నమాట."

ఆయన వంగి చెక్క వాసన చూశాడు. కొత్త వార్నీషు కింద టీ డికాషన్ వాసన. ముసలిదానిలా కనిపించాలని టీ నీళ్లు పట్టించారు. తర్వాత మరమేకుల తలలు చూశాడు. బాకా మెడ పట్టుకుని వెలుతురుకి తిప్పాడు. లోపల పొగ పట్టించిన నలుపు. వేలితో తుడిస్తే పసుపుపచ్చగా మెరిసింది.

"ఈ బాకా వయసు మొన్నటి వానాకాలం," అన్నాడు. "నీకంటే, నాకంటే చిన్నది. దీన్ని మనం ఏరా అని పిలవచ్చు."

"మీరు కొనరు, ఇంకోళ్లని కొననివ్వరు. ఇంతకంటే మీ ఆఫీసు రోజులే నయం సార్."

అది పొగడ్తగానే తీసుకున్నాడు ఆయన.

యంత్రాలు అబద్ధం ఆడవని ఆయన ఎన్నడూ అనలేదు. ఆడితే దొరికిపోతాయి, అంతే. మనుషులతో ఆ సౌకర్యం లేదు. అందుకని ఇంట్లో మనుషుల కోసం కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాడు. ప్రతి యంత్రం మీదా మరమేకుల గాళ్లన్నీ ఒకే దిక్కుకి ఉండేట్టు బిగించేవాడు. ఎవరైనా విప్పి మళ్లీ బిగిస్తే ఆ గాడి పక్కకి తిరుగుతుంది. డబ్బాల మూతల మీది పువ్వు బొమ్మ ఎప్పుడూ గోడవైపు ఉండాలి. ఇవన్నీ ఎవరికీ చెప్పలేదు. భార్యకి తెలుసు. ఆయనకు తెలియకుండా తెలుసు. గదిలో చీపురు పెట్టాల్సి వస్తే ఆవిడ ఏ వస్తువునూ కదపకుండా చుట్టూ ఊడ్చుకొచ్చేది.

ఆ గదిలో ఉన్న వస్తువుల్లో ఆయన సంపాదించనిది ఒకటుంది. అది భార్య పుట్టింటి నుంచి వచ్చింది. పళ్లెంలాంటి రికార్డులు వేసుకునే గ్రామఫోను కాదు. దానికంటే ముందుది, మైనపు గొట్టాల ఫోనోగ్రాఫు. గ్లాసంత గోధుమరంగు గొట్టాన్ని, చేతికి గాజు తొడిగినట్టు ఒక ఇనప రోలరుకి తొడగాలి. గొట్టం పైభాగాన్ని వేలితో తాకకూడదు. రెండు వేళ్లు లోపలికి పెట్టి విచ్చి పట్టుకోవాలి. కీ ఇస్తే గొట్టం తిరుగుతుంది, దాని మీద చిన్న గుండ్రటి తల ఒకటి మెల్లగా పక్కకి నడుస్తూ పలుకుతుంది.

ఆ తలలు రెండు. ఇంట్లోవాళ్లు ఒకదాన్ని పలికే తల అనేవాళ్లు, ఇంకోదాన్ని రాసే తల. రాసే తలకి మొనలో చిన్న కత్తి ఉంటుంది. దాన్ని తగిలించి బాకాలో మాట్లాడితే మైనం మీద మాట చెక్కుకుంటుంది. పలికే తలకి కత్తి లేదు, గుండ్రటి నలుసంత రాయి. చెక్కిన దారిలోనే నడిచి ఆ మాట తిరిగి చెబుతుంది. పైకి చూస్తే రెండూ కవల పిల్లలు. పలికేది నీలం డబ్బాలో, రాసేది ఎర్ర డబ్బాలో ఉండేవి. ఎక్కడైనా సరే, పోయేది పలికే తలే. అది లేకపోతే యంత్రం మూగ పెట్టె. అందుకని దొంగల కన్ను దాని మీదే. రాసే తలను ఆయన ఒక్కసారి కూడా వాడి చూడలేదు. ఏం మాట్లాడాలో తోచలేదు. పైగా మాట్లాడిన మాట ఒకచోట పడి ఉండటం ఆయనకి నచ్చదు.

యంత్రంతో పాటు వచ్చిన గొట్టం ఒక్కటే. అందులో భార్య వాళ్ల నానమ్మ గొంతు ఉంది.

నానమ్మ భర్త, ఆ తాతగారు, ఫోటోలు తీసేవాడట. కొత్త యంత్రం తెచ్చిన రోజు వంటింట్లోంచి నానమ్మను పిలుచుకొచ్చి బాకా ముందు నిలబెట్టాడు. ఆవిడ పాట పాడలేదు. "ఏం మాట్లాడను? ఇందులోకా?" అంది. తర్వాత, "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను." తర్వాత సిగ్గుపడ్డ నవ్వు. "మీరూ మీ బాకా. నా మాట దాచుకుని ఏం చేసుకుంటారూ, నేనిక్కడే ఉన్నానుగా?" కాసేపు గరగర. ఆఖరికి పెద్దగా, "పొంగాయి, పొంగాయి!" పరుగెత్తిన అడుగులు. దూరంగా తాతగారి నవ్వు. అంతే.

ఆవిడ ఫోటో ఒక్కటీ మిగల్లేదు. ఫోటోలు తీసేవాడింట్లో అట్లాగే అవుతుంది. మిగిలింది ఈ మాటలే. విన్నప్పుడల్లా మైనం కాస్త అరుగుతుంది కాబట్టి ఏడాదికి ఒకసారి మాత్రమే వినాలని కట్టుబాటు పెట్టుకున్నారు. వినేది ముగ్గురు. ఆయన, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు.

తమ్ముడికి బజారులో కళ్లద్దాల దుకాణం. అక్క అంటే ప్రాణం, బావంటే వేళాకోళం. "ఏం బావా, అక్కిచ్చిన టీ కూడా తూచి తాగుతున్నావా?" అనేవాడు గుమ్మంలో అడుగుపెడుతూనే. చేతిలో ఎప్పుడూ అద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డ ముక్క. ఎవరింటికి వెళ్లినా బల్ల మీద పడేసిన కళ్లజోడును తీసి, తుడిచి, దాని డబ్బాలో అది పెట్టి మూసేస్తాడు. అడిగినా అడక్కపోయినా. అదొక జబ్బు.

ఒక ఏడాది గొంతు విన్నాక అతను వెంటనే లేవలేదు.

"బావా, పోయినసారి కంటే సన్నబడింది."

"నీ చెవులు సన్నబడ్డాయి."

"కాదక్కా, నువ్వు చెప్పు. నవ్వు సగమే వినిపించింది. పెద్ద ఊళ్లో నాకు తెలిసినాయన ఉన్నాడు. వీటిని క్యాసెట్టులోకి ఎక్కిస్తాడట. గొట్టం నాకివ్వండి, తీసుకెళ్లి తీసుకొస్తా. తర్వాత రోజూ వినచ్చు నానమ్మని."

ఆవిడ మొగుడి వంక చూసింది. ఆయన మరమేకు వంక చూస్తున్నాడు.

"ఆ తెలిసినాయన ఇట్లాంటివి కొంటాడా?"

"కొంటాడు. ఆయనకీ నీలాగే పిచ్చి."

"అదీ సంగతి," అన్నాడు ఆయన. గొట్టాన్ని దాని పెట్టెలో పెట్టేశాడు.

మైనపు గొట్టాలన్నీ ఒకేలా ఉంటాయి. వెళ్లేటప్పుడు ఒకటి వెళ్లి, వచ్చేటప్పుడు ఇంకోటి వస్తే ఎవరు కనిపెడతారు? ఆ రోజు నుంచి బావమరిది గడప తొక్కితే ఆయన చెయ్యి మొలతాడు మీదకి పోయేది. చివరికి ఒక ఏర్పాటు చేశాడు. రెండు తలల్నీ డబ్బాలు మార్చి పెట్టాడు. పలికేది ఎర్ర డబ్బాలోకి, రాసేది నీలం డబ్బాలోకి. దొంగ ఎవడైనా నీలం డబ్బానే జేబులో వేసుకుపోతాడు. పోయి, ఇంటికెళ్లి తెరిచి చూసుకుని ఏడుస్తాడు. ఆ ముఖాన్ని ఊహించుకుని ఆయన చాలా రోజుల తర్వాత నవ్వుకున్నాడు. ఊహలో ఆ ముఖం బావమరిదిదే.

తర్వాత కళ్లకు శుక్లాల ఆపరేషన్ వచ్చింది. ఆస్పత్రిలో మొలతాడు తీయమన్నారు. తాళంచెవి భార్య చేతిలో పెడుతూ, "గది తెరవద్దు," అన్నాడు.

"నాకేం పని అందులో?" అంది ఆవిడ.

ఆయన కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్నన్నాళ్లూ బయట ఒకటే వాన. పక్క మంచం మనిషి రేడియో పెట్టుకుని వినేవాడు. దాని గొంతులో ఏదో తేడా ఉందని, ఎవరో విప్పి బిగించారని చెప్పాడు ఆయన. పక్క మంచం మనిషి రేడియో తీసి దిండు కింద పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చిన రోజు నల్లద్దాలతోనే గదిలోకి వెళ్లాడు. వస్తువులన్నీ నీళ్లలో ఉన్నట్టున్నాయి. అయినా వేళ్లకి కళ్లున్నాయి. ఫోనోగ్రాఫు మూత మీది మరమేకును తడిమాడు. గాడి పక్కకి తిరిగి ఉంది. డబ్బాల మూతల మీది పువ్వు ఉబ్బెత్తుగా ఉంటుంది. అది కిటికీవైపు ఉంది.

 గొంతు మామూలుగా పెట్టి వంటింట్లోకి వచ్చాడు.

"నేను లేనప్పుడు ఎవరన్నా వచ్చారా?"

ఆవిడ గిన్నె తోముతోంది. తోమడం ఆపలేదు.

"ఎవరొస్తారు? వానకి కాకి కూడా రాలేదు."

"గది తీశావా?"

"నాకేం పని అందులో?"

ఆస్పత్రిలో అన్న మాటే. అక్షరం పొల్లుపోకుండా. ఇన్నేళ్లు దుకాణాల్లో విన్నవాడాయన. నిజం చెప్పేవాళ్లు ఒకే మాట రెండోసారి అదే వరసలో చెప్పరని ఆయన లెక్క. మళ్లీ గదిలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద నేలంతా తడిమాడు. మెత్తగా చేతికి తగిలింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కంటికి ఆనించుకుని చూశాడు. పసుపుపచ్చ గుడ్డ ముక్క.

మధ్యాహ్నం ఆవిడ పక్కింటికి వెళ్లేదాకా ఆగాడు. తలుపు గడియ వేశాడు. గొట్టం పెట్టె తీసి, రెండు వేళ్లు విచ్చి, పైకి తీశాడు. బరువులో తేడా ఏమీ తెలియలేదు. అయినా ఇన్నాళ్లూ ఎంత బరువుందో ఎవరు చూశారు? రోలరుకి తొడిగాడు. ఎర్ర డబ్బా తెరిచి అందులోని తలను తగిలించాడు. దాని మొన వంక చూడలేదు. చూసినా కనిపించేది కాదు. చూడాల్సిన పని లేదనుకున్నాడు. ఈ ప్రపంచంలో ఆయన తిరగేసి చూడకుండా నమ్మినది ఒకటుంటే, అది తను చేసిన ఏర్పాటు.

కీ ఇచ్చాడు. తల దించాడు.

సన్నటి గీరుడు. ఎండుటాకు మీద పురుగు పాకినట్టు. మాట లేదు.

బాకాలోకి చెవి పెట్టాడు. ఇంకా లోపలికి పెట్టాడు. ఏమీ లేదు. పాలూ లేవు, నవ్వూ లేదు.  బాకా అంచు రెండు చేతులా పట్టుకుని, బావిలో పడిపోయినవాళ్లని పిలిచినట్టు అందులోకే పిలిచాడు. పిలుపు తిట్టయింది. తిట్టు ఇంకేదో అయింది. నోటికేమొస్తోందో చూసుకోలేదు. కడుపులో ఏడాదిగా ఉన్నదంతా బాకాలోకి కక్కేసి, తలను ఎత్తేశాడు. గొట్టం కింద చెక్క మీద వేలికి మెత్తటి పొడి అంటింది. కొత్త మైనం, రాలుతోంది అనుకున్నాడు. దొంగసరుకు ఎప్పుడూ రాలుతుంది.

సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించమన్నాడు. ఎందుకని అడిగింది ఆవిడ. వచ్చాక చెప్తానన్నాడు.

బావమరిది తడిసిన గొడుగు మూల పెట్టి లోపలికి వచ్చాడు.

"ఏంటి బావా, నల్లద్దాల్లో పోలీసు ఆఫీసర్లా ఉన్నావు. ఆగు, కొత్త కళ్లజోడు నేనే చేయిస్తా. దాంట్లోంచి చూస్తే నేను కూడా మంచివాడిలా కనిపిస్తా."

"కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆయన బల్ల మీద పసుపుపచ్చ గుడ్డ ముక్క పెట్టాడు.

"నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు నా గదిలోకి వచ్చావు."

బావమరిది అక్క వంక చూశాడు. ఆవిడ నేల వంక చూసింది.

"మీ అక్క ఎవరూ రాలేదంది. అది నీకోసం అబద్ధం ఆడింది. ఇప్పుడు నువ్వు ఆడు, వింటాను."

"వచ్చాను," అన్నాడు అతను. "అబద్ధమెందుకు? కప్పులోంచి నీళ్లు కారుతున్నాయి, సరిగ్గా నీ యంత్రం మీదకే. అక్క కబురంపింది. బల్ల ఇవతలికి జరిపాం. తుడిచాం. మూత విప్పి లోపల ఆరబెట్టాను. నీకు చెప్తే ఒంటికాలి మీద లేస్తావని అక్క చెప్పొద్దంది."

తూనికలాయన తల పైకెత్తాడు. కప్పు మీద తడి మరక ఉందేమో. నల్లద్దాల్లోంచి అంతా మరకే.

"కథ బాగుంది. గొట్టం ఎక్కడ?"

"ఏ గొట్టం?"

"ముసలావిడ గొట్టం. పెట్టెలో ఉన్నది ఉత్తది. వేసి చూశాను. మాట లేదు. మైనం పొడి రాలుతోంది. నీ తెలిసినాయనకి ఎంతకిచ్చావు?"

 ఆవిడ మెల్లగా అంది, "ఏమండీ, బాగా ఆలోచించి అనండి. ఈ మాట అన్నాక వాడు ఈ ఇంటికి రాడు. వాడు రాకపోతే నాకు పుట్టిల్లు లేదు."

"ఆలోచించే అన్నాను."

బావమరిది లేచాడు. గొడుగు తీసుకుని ఆగాడు.

"పొడి రాలిందా?" అన్నాడు.

"రాలింది."

"ఏ తలతో వేశావు బావా?"

"పలికే తలతో. ఇంకే తలతో వేస్తారు?"

"అదే, ఏ డబ్బాలోంచి తీశావు?"

 ఏర్పాటు బయటపెట్టడానికి ఆయనకి మనసొప్పలేదు. ఆ తర్వాత, ఇప్పుడిక దాచి ఏం లాభం అనుకుని, "ఎర్ర డబ్బాలోంచి," అన్నాడు. "మార్చి పెట్టాను. నీలాంటివాళ్ల కోసం."

అతను గొడుగు మళ్లీ మూలన పెట్టాడు. నవ్వలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వా మార్చింది? దుమ్ము దులుపుతూ అక్క పొరపాటున మార్చిందనుకున్నా బావా. రాసే తల నీలం డబ్బాలో ఉంటే ఎవరన్నా చూసుకోకుండా తగిలిస్తారు, మైనం చెక్కుకుపోతుందని భయపడి... దేని డబ్బాలో అది పెట్టేశాను. చెప్తే అక్కను తిడతావని చెప్పలేదు."

 వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

బావమరిదే గదిలోకి వెళ్లాడు. ఈసారి ఆయన అడ్డుపడలేదు. అతను నీలం డబ్బాలోని తల తీసి, వెలుతురులో మొన చూసి, తగిలించాడు. కీ ఇచ్చాడు. గొట్టం తిరిగింది.

గరగర. తర్వాత ఒక మగగొంతు. సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు, కానీ ఎవరిదో పోల్చుకోలేనంత మారలేదు.

"పలకవేం? ఏం ముసలమ్మా, పాలింకా పొంగలేదా?"

బావమరిదికి నవ్వు తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మార్చేశాడు. వాడే మార్చేశాడు. అక్కా అక్కా అంటూ ఇంట్లో దూరి..."

చెయ్యి కిందికి దిగింది.

"ఎవరూ రాలేదట. కాకి కూడా రాలేదట. ఇదీ వాడితో కలిసే ఉంది. మొదట్నుంచీ ఇద్దరూ ఒకటే. నా ఇంట్లో నాకంటూ ఒక్క మనిషి లేడు..."

ఆయన తలను ఎత్తెయ్యడానికి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉండండి. నానమ్మ మాట్లాడుతోంది."

నిజమే. ఆయన గొంతు కింద, గోడ అవతల మనిషిలా, ఇంకో గొంతుంది. కత్తి లోతుగా దిగని చోట్ల అది మిగిలింది. "దొంగ" అన్న మాటకీ "నమ్మి" అన్న మాటకీ మధ్య "పొయ్యి మీద" అని వినిపించింది. ఆయన రొప్పుతుంటే నానమ్మ "నేనిక్కడే" అంది. మిగిలింది ఆయన తిట్టు మింగేసింది. ఆవిడ సిగ్గుపడ్డ నవ్వు ఎంత వెతికినా లేదు.

ఆయన కోపంతో తలను ఎత్తేసిన చోటు వచ్చింది. టక్కుమని శబ్దం. అక్కడి నుంచి మైనం చెక్కుచెదరలేదు. "పొంగాయి, పొంగాయి!" గది నిండా వినిపించింది. అడుగులు. తాతగారి నవ్వు.

గొట్టం ఉత్తగా తిరుగుతోంది. బావమరిది తల ఎత్తి యంత్రం ఆపాడు.

"అరిగిందాన్ని మళ్లీ అతికించలేం," అన్నాడు ఎవరి వంకా చూడకుండా. "ఉన్నదన్నా దాచుకోవాలి."

"తీసుకెళ్లు," అంది ఆవిడ. "ఆ క్యాసెట్టాయన దగ్గరికి. మీ బావ మాటలతో సహా ఎక్కించుకురా. ఏదీ తీసెయ్యమని చెప్పకు."

ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ ఆయన వంక చూడలేదు.

దూది తెచ్చి గొట్టాన్ని ఆయనే పెట్టెలో సర్దాడు. పైభాగం తాకలేదు. సర్దాక, అలవాటు చొప్పున, జేబులోంచి పెన్సిలు తీశాడు. గొట్టం లోపలి అంచున కనపడీ కనపడని గీత ఒకటి పెట్టుకుంటే, తిరిగి వచ్చింది అదో కాదో తెలుస్తుంది.

బావమరిది చూశాడు. "పెట్టుకో బావా. నేను గోడ వంక తిరుగుతాలే."

ఆయన పెన్సిలు జేబులో పెట్టేశాడు.

"ఏం, నమ్మకం కుదిరిందా?" అన్నాడు బావమరిది.

"ఆయన గొంతు ఉందిగా దాంట్లో," అంది ఆవిడ. "అట్లాంటిది ఇంకెక్కడ దొరుకుతుంది?"

తమ్ముడు చిన్నగా నవ్వాడు. వస్తానని చెప్పలేదు, రానని కూడా చెప్పలేదు. పెట్టెను చొక్కా లోపల దాచుకుని, గొడుగు విప్పి వెళ్లాడు. తూనికలాయన గుమ్మంలో నిలబడి చూశాడు. వీధి మలుపు దగ్గర గొడుగు ఎటు తిరిగిందో ఆయన కళ్లకి ఆనలేదు.

లోపలికి వచ్చేసరికి ఆవిడ టీ గ్లాసులు కడుగుతోంది. ఆవిడ ఏదో ఒకటి అంటుందని చాలాసేపు నిలబడ్డాడు. తిడితే బాగుండును. 

"వాడు రాలేదని నువ్వు అబద్ధం చెప్పావుగా," అన్నాడు చివరికి.

"చెప్పాను," అంది ఆవిడ. "నిజం చెప్తే ఏమనేవారో ఇప్పుడు విన్నాంగా."

గ్లాసు తుడిచి, బోర్లించి, దీపం వెయ్యడానికి అవతలి గదిలోకి వెళ్లింది.